హోలోకాస్ట్ పాఠం తొమ్మిదో తరగతికి ఎలా చెప్పాలి?

ఏటా నాజీయిజం పాఠం, అందులోనూ హిట్లర్ పాలనలోని జర్మనీ ఐరోపా యూదులను లక్షల్లో చంపిన హోలోకాస్ట్ భాగం, దగ్గరపడే వారంలో నాకు ఫోన్లు మొదలవుతాయి. కొత్తగా చేరిన సాంఘిక శాస్త్రం టీచర్లు అడిగే ప్రశ్నలు ఇన్నేళ్లలో మారలేదు. ఫొటోలు చూపించవచ్చా? ఎంతవరకు చెప్పాలి? ఒక పిల్లవాడు లేచి హిట్లర్ గొప్పవాడంటే ఏం చేయాలి? నాలుగో ప్రశ్న మాత్రం హెచ్‌ఎం గదిలోంచి వస్తుంది: "మన పిల్లలకు ఈ యూదుల గొడవ ఎందుకండీ, సిలబస్ అయితే చాలదా?" ఒక్కొక్కరికి విడిగా చెప్పి అలసిపోయాను కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను.

నాలుగో ప్రశ్నకు జవాబు ముందే ఇచ్చేస్తాను. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు గుంపులు కడతారు. పేర్లు పెట్టి ఏడిపిస్తారు. ఒకరిని బెంచీ చివరికి నెడతారు. మిగిలినవాళ్లు చూస్తూ కూర్చుంటారు. ఫోనులో వచ్చినదల్లా నమ్మడం మొదలయ్యేదీ ఆ వయసులోనే. ఇదే పనిని ఒక దేశం చట్టం చేసి, రబ్బరు స్టాంపు వేసి, రిజిస్టరులో రాసి చేస్తే ఏమైందో వాళ్లకు చప్పున అర్థమవుతుంది. ఐదో తరగతిలో చెబితే భయం తప్ప మరేమీ మిగలదు. ఇంటర్‌కు వచ్చాక ప్రవేశ పరీక్షలు తప్ప మరో మాట వినే తీరిక వాళ్లకు ఉండదు. హెచ్‌ఎం గారికి ఇంత చెప్పడం కష్టమనుకుంటే, ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి చరిత్రలో చాలా ఏళ్లుగా ఈ పాఠం ఉందని ఒక్క ముక్క చెప్పండి, ఒప్పుకుంటారు.

కావలసినవి

- ఆరు పీరియడ్లు. నాలుగే దొరికితే మూడు, నాలుగు మెట్లను కలిపేయండి, ఏడో మెట్టును ఇంటిపనిగా ఇవ్వండి. ఐదో మెట్టును మాత్రం కుదించకండి.
- గోడకు ఐరోపా పటం.
- బట్టలు ఆరేసే తాడు, పన్నెండు క్లిప్పులు, పన్నెండు అట్టముక్కలు.
- చిట్టీలకు చిత్తు కాగితాలు, మూత ఉన్న డబ్బా ఒకటి, ఒక పెద్ద కవరు.
- మీ సొంత చదువుకు ఒక సాయంత్రం. జెరూసలేంలోని యాద్ వషేమ్, వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ స్మారక మ్యూజియం వెబ్‌సైట్లు రెండూ నమ్మదగినవి, ఉచితం.

ప్రొజెక్టరు అవసరం లేదు. లేకపోతేనే మేలు. ఎందుకో ఆరో మెట్టులో చెబుతాను.

ఇప్పుడు మెట్లు.

1. ముందు మీ మాటలు సరిచేసుకోండి

తెలుగులో ఈ పాఠానికి మొదటి చిక్కు భాష దగ్గరే వస్తుంది. పత్రికలు అలవాటుగా రాసే మాటలు మారణహోమం, నరమేధం. హోమం అంటే దేవతకు ఇచ్చేది, మేధం అంటే యాగంలో బలి. జర్మన్లు చంపిన మనుషులను ఎవరూ ఏ దేవతకూ సమర్పించలేదు. చిత్రమేమిటంటే 'హోలోకాస్ట్' అనే మాటలోనూ ఇదే చిక్కుంది. పూర్తిగా దహనం చేసిన బలి అని దాని గ్రీకు మూలానికి అర్థం. అందుకే చాలామంది యూదులు హీబ్రూలో పెనువిపత్తు అనే అర్థమున్న 'షోవా' అనే మాటను ఇష్టపడతారు. నేను క్లాసులో హోలోకాస్ట్‌ను ఆ ఘటన పేరుగా అలాగే ఉంచుతాను. జెనోసైడ్‌కు జాతి సంహారం అంటాను. మారణహోమం అని ఎందుకు అనడం లేదో పిల్లలకు రెండు నిమిషాలు చెబుతాను. తెలుగు టీచరు పక్క గదిలో ఉంటే పిలవండి, ఆనందంగా వస్తారు.

యాంటీసెమిటిజం అన్నదాన్ని 'సెమిటిక్ వ్యతిరేకత' అని అనువదించకండి (సెమిటిక్ అంటే హీబ్రూ, అరబిక్ వంటి భాషల కుటుంబం). "అరబ్బులు కూడా సెమిటిక్కే కదా టీచర్" అని ఎవరో ఒకరు అడుగుతారు, పీరియడ్ అందులోనే పోతుంది. 1879లో విల్‌హెల్మ్ మార్ అనే జర్మన్ రచయిత ఆ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. పాత మత ద్వేషానికి శాస్త్రం రంగు వేయడానికి అది పనికొచ్చింది. మొదటినుంచీ దాని గురి యూదుల మీదే. కాబట్టి యూదు ద్వేషం అనండి, సరిపోతుంది.

1938 నవంబరు 9, 10 తేదీల్లో జర్మనీలో యూదుల మీద జరిగిన దాడులను 'గాజులు పగిలిన రాత్రి' అని చెప్పి ఒకసారి నేను నాలుక కరుచుకున్నాను. క్లాసులో సగం మంది చేతి గాజులనుకున్నారు. అప్పటినుంచి అద్దాలు పగిలిన రాత్రి అంటున్నాను.

2. వాళ్ల తలల్లో ముందే ఏముందో తెలుసుకోండి

పాఠానికి రెండు రోజుల ముందు చిట్టీలు పంచండి. పేరు రాయవద్దని చెప్పండి. మూడు ప్రశ్నలు: యూదులు అనగానే ఏం గుర్తొస్తుంది? హిట్లర్ అనగానే ఏం గుర్తొస్తుంది? ఇది నీకు ఎక్కడ తెలిసింది?

జవాబులు దాదాపు ఏటా ఇవే. స్ట్రిక్టు. క్రమశిక్షణ. మీసం. మా పీఈటీ సార్. యేసును చంపినవాళ్లు. బాగా డబ్బున్నవాళ్లు. ఇజ్రాయెల్. తెలియదు. మూడో ప్రశ్నకు వచ్చే జవాబుల్లో పాఠ్యపుస్తకం అరుదు, ఫోను ఎక్కువ.

హెచ్చరిక: చిట్టీలను పైకి చదివి నవ్వించకండి. చేతిరాత పోల్చి ఎవరు రాశారో వెతకకండి. అన్నీ కవరులో పెట్టి అతికించండి. చివర్లో వీటితో పనుంది.

3. చావుతో మొదలుపెట్టకండి, ఒక కుర్రాడితో మొదలుపెట్టండి

ఎన్‌సీఈఆర్‌టీ పాఠం 1945లో ఓడిపోయిన ఒక నాజీ కుటుంబంలోని పదకొండేళ్ల హెల్మూత్‌తో మొదలవుతుంది. చక్కగా రాశారు, కాదనను. కానీ దానితో క్లాసు మొదటి జాలి నేరం చేసినవారి ఇంటికి వెళుతుంది. యూదులు ఆ తరువాత ఎప్పుడో ఒక సంఖ్యగా ప్రవేశిస్తారు. అందుకే పుస్తకం తెరవడానికి ముందు నేను పీటర్ గింజ్‌ను పరిచయం చేస్తాను. ఇంటిపేరు వినగానే పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, పేరు గుర్తుంటుంది.

పీటర్ 1928 ఫిబ్రవరి 1న ప్రాగ్‌లో పుట్టాడు. తండ్రి యూదుడు, తల్లి కాదు. బొమ్మలు వేసేవాడు, సాహస కథలు రాసేవాడు, డైరీ రాసేవాడు. 1941 సెప్టెంబరులో యూదులంతా పసుపు నక్షత్రం కుట్టుకోవాలని ఆదేశం వచ్చినప్పుడు, బడికి వెళ్లే దారిలో ఎన్ని నక్షత్రాలు కనిపించాయో లెక్కపెట్టి, వాళ్లను 'షెరిఫ్‌లు' (ఛాతీ మీద నక్షత్రం బిళ్ల పెట్టుకునే అమెరికా పోలీసు అధికారులు) అని డైరీలో చమత్కరించాడు. పద్నాలుగేళ్లకు అతన్ని ఒంటరిగా తెరెజీన్ నిర్బంధ పట్టణానికి పంపారు. అక్కడ తోటి కుర్రాళ్లతో కలిసి 'వెదెమ్' అనే వారపత్రిక నడిపాడు. చేతిరాతతో ఒక్కటే ప్రతి, శుక్రవారం రాత్రి అందరూ చేరి పైకి చదువుకునేవారు. చంద్రుడి మీద నిలబడి చూస్తే భూమి ఎలా ఉంటుందో ఒక బొమ్మ వేశాడు. 1944 సెప్టెంబరు చివర్లో నాజీల హత్యా శిబిరమైన ఆష్విట్జ్‌కు పంపి చంపేశారు. అప్పటికి పదహారేళ్లు.

ఆ బొమ్మ నకలును ఇజ్రాయెల్ వ్యోమగామి ఇలాన్ రమోన్ 2003లో కొలంబియా నౌకలో అంతరిక్షానికి తీసుకువెళ్లాడు. ఆయన తల్లి ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడిన మనిషి. అదే నౌకలో కల్పనా చావ్లా ఉంది. నౌక ముక్కలైన ఫిబ్రవరి 1, పీటర్ బతికి ఉంటే 75వ పుట్టినరోజు. కల్పనా చావ్లా పేరు తెలియని పిల్లలు మన బడుల్లో లేరు. ఇక్కడ క్లాసు దానంతటదే నిశ్శబ్దమవుతుంది, మీరేమీ కలపనక్కర లేదు.

ప్రత్యామ్నాయం: సంగీతం ఇష్టపడే క్లాసైతే వాల్టర్ కౌఫ్‌మన్‌తో మొదలుపెట్టండి. ప్రాగ్‌లో చదివిన యూదు సంగీతకారుడు, 1934లో బొంబాయి చేరాడు. ఆకాశవాణి ఉదయం ప్రసారాలకు ముందు వినిపించే ఆ తంబుర, వయొలిన్ బాణీ ఆయనదేనని చెబుతారు. ఆ బాణీ గుర్తుందేమో ఇంట్లో తాతనో అమ్మమ్మనో అడిగి రమ్మనండి. మర్నాడు కనీసం పదిమంది కూనిరాగం తీస్తూ వస్తారు.

4. ద్వేషం హిట్లర్‌తో పుట్టలేదని చెప్పండి

ఇరవై నిమిషాలు చాలు. పటం మీద మూడు చోట్లు చూపించండి. 1144లో ఇంగ్లండులోని నార్విచ్: ఒక బాలుడు చనిపోతే యూదులే మతకర్మ కోసం చంపారని కట్టుకథ పుట్టింది, ఐరోపా అంతా పాకింది. 1349లో స్ట్రాస్‌బర్గ్: ప్లేగు వస్తే యూదులు బావుల్లో విషం కలిపారన్నారు, పట్టణంలోని యూదులను తగలబెట్టారు. 1903లో రష్యా: యూదు పెద్దలు ప్రపంచాన్ని పట్టుకోవడానికి కుట్ర పన్నినట్టు ఒక దొంగ పత్రం అచ్చయింది. 1921లోనే లండన్ పత్రిక ఒకటి అది ఎక్కడినుంచి కాపీ కొట్టిందో పక్కపక్కన వేసి చూపించింది. అయినా ఆ పత్రం నేటికీ తిరుగుతూనే ఉంది.

రోగం వచ్చినా, పంట పోయినా, యుద్ధం ఓడినా దగ్గర్లో ఉన్న కొద్దిమంది మీద నెట్టేయడం మన ఊళ్లకూ కొత్త కాదు. చేతబడి చేశారని ముసలివాళ్లను కొట్టి చంపిన వార్త చదవని పిల్లవాడు ఉండడు. ఆ ఒక్క పోలిక వాడుకోండి.

హెచ్చరిక: క్లాసులో క్రైస్తవ పిల్లలు ఉంటారు. 'యేసును చంపినవాళ్లు' అని చిట్టీలో రాసింది ఎవరైనా కావచ్చు, వాళ్లవైపు చూడకండి. యేసు, ఆయన తల్లి, శిష్యులు అందరూ యూదులేనని ముందు చెప్పండి. ఆ చావు నేరాన్ని అప్పటి యూదులందరి మీద గానీ, నేటి యూదుల మీద గానీ మోపరాదని 1965లో కాథలిక్ చర్చి వాటికన్ మహాసభలో ప్రకటించిందని చెప్పండి. ద్రోహం చేసిన 'యూదా' ఒక మనిషి పేరు, యూదులు ఒక ప్రజ. తెలుగులో రెండు మాటలూ దగ్గరగా ఉండడంతో చాలామంది కలిపేస్తారు.

5. తాడు కట్టండి

ఆరు పీరియడ్లలో నేను ఎక్కువ నమ్మేది ఈ పీరియడ్‌నే. తాడును బోర్డుకు ఈ చివరనుంచి ఆ చివరకు కట్టండి. అట్టముక్కల మీద జర్మనీలో జరిగినవి ఒక్కొక్కటి రాసి పన్నెండు మందికి ఇవ్వండి:

- 1933 ఏప్రిల్ 1: యూదుల దుకాణాల బహిష్కరణ
- 1933 ఏప్రిల్ 7: ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తొలగించే చట్టం
- 1933 మే 10: విశ్వవిద్యాలయ విద్యార్థులు పుస్తకాలు తగలబెట్టారు
- 1935 సెప్టెంబరు 15: న్యూరెంబర్గ్ చట్టాలు, పౌరసత్వం పోయింది, ఇతరులతో పెళ్లి నిషేధం
- 1938 ఆగస్టు: పేరు చూసి యూదుడని తెలియకపోతే పురుషులు 'ఇజ్రాయెల్', స్త్రీలు 'సారా' అని చేర్చుకోవాలి
- 1938 అక్టోబరు: పాస్‌పోర్టు మీద యూదుడని తెలిపే 'జే' అక్షరం
- 1938 నవంబరు 9, 10: అద్దాలు పగిలిన రాత్రి, సుమారు 30,000 మంది పురుషుల అరెస్టు
- 1938 నవంబరు 15: జర్మన్ బడుల నుంచి యూదు పిల్లల గెంటివేత
- 1938 డిసెంబరు: డ్రైవింగ్ లైసెన్సుల రద్దు
- 1939 సెప్టెంబరు: రేడియోలు అప్పగించాలి
- 1941 సెప్టెంబరు: ఆరేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ నక్షత్రం కుట్టుకోవాలి
- 1941 అక్టోబరు: యూదులను తూర్పు దిక్కుకు తరలించే రైళ్లు మొదలు

ఒక్కొక్కరు వచ్చి చదివి, క్లిప్పు పెట్టి వెళ్లాలి. ప్రతి అట్ట దగ్గరా మీరు ఒకే ప్రశ్న అడగాలి: ఇది జరగాలంటే ఎవరెవరు పని చేయాలి?

మొదట్లో అందరూ "హిట్లర్" అంటారు. ఒప్పుకోకండి. పాస్‌పోర్టు మీద 'జే' ఎవరు కొట్టారు? ఒక గుమాస్తా. హాజరు పట్టీలో పేరు ఎవరు కొట్టేశారు? మనలాంటి ఒక టీచరు. ఖాళీ అయిన ఉద్యోగంలో ఎవరు చేరారు? పక్కింటి నిరుద్యోగి. వేలం వేసిన సామాన్లు ఎవరు కొన్నారు? రైలు టైమ్‌టేబుల్ ఎవరు వేశారు? అరగంటకు బోర్డు నిండా ఉద్యోగాల పేర్లు ఉంటాయి. ఒకసారి ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, "టీచర్, వీళ్లలో ఎవరూ చంపలేదు కదా" అంది. ఆ వాక్యం బోర్డు మీద రాసి, ఇంటికి వెళ్లి ఆలోచించుకు రమ్మని గంట కొట్టగానే వదిలేశాను.

1933లో జర్మనీలో యూదులు సుమారు ఐదు లక్షలు, జనాభాలో ఒక శాతం కూడా కాదు. దీన్ని తప్పక చెప్పండి. 'యూదులు దేశాన్ని ఆక్రమించారు' అన్న మాట ఎంత బొంకో ఆ అంకె ఒక్కటే చూపిస్తుంది. మరో అట్టముక్క అదనంగా తగిలించవచ్చు: 1938 జూలైలో ఫ్రాన్సులోని ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమై జాలి చూపించి, దాదాపు అన్నీ తలుపులు మూసుకున్నాయి.

హెచ్చరిక: సగం క్లాసుకు నక్షత్రాలు అంటించి, మిగతా సగాన్ని పోలీసులను చేసి నాటకం ఆడించకండి. ఈ ఆలోచన ఏటా ఎవరో ఒకరికి వస్తుంది. పోలీసులైన పిల్లలకు అది ఆటగా బాగుంటుంది, నక్షత్రం తగిలినవాడికి ఆ పేరు ఏడాదంతా అతుక్కుపోతుంది. వాషింగ్టన్ మ్యూజియం కూడా ఇలాంటి అనుకరణలు వద్దని టీచర్లను హెచ్చరిస్తుంది. తాడు చాలు.

6. చంపడం గురించి ఒక పీరియడ్, అంతే

ఈ పీరియడ్‌ను రోజులో చివరిది చేయకండి. శనివారం పెట్టకండి. తరువాతి పీరియడ్ ఆటలో, డ్రాయింగో ఉండేలా చూసుకోండి. పిల్లలు బరువుతో నేరుగా ఇంటికి వెళ్లకూడదు.

చెప్పవలసినవి ఇవి. 1941 జూన్‌లో సోవియట్ యూనియన్ మీద దాడితో మూకుమ్మడి కాల్పులు మొదలయ్యాయి. సెప్టెంబరు 29, 30 తేదీల్లో కీవ్ పక్కన బాబీ యార్ లోయలో రెండు రోజుల్లో 33,771 మందిని కాల్చారు. ఆ అంకె హంతకుల సొంత నివేదికలోది. 1942 జనవరి 20న బెర్లిన్ శివారు వాన్‌సేలో పదిహేను మంది అధికారులు గంటన్నరసేపు సమావేశమై, అప్పటికే మొదలైన హత్యలను ఐరోపా అంతటా ఎలా నడపాలో సర్దుకున్నారు. ఆ పదిహేను మందిలో ఎనిమిది మందికి డాక్టరేట్లు ఉన్నాయి. చదువుకుంటే మనిషి మంచివాడవుతాడని ఉదయం ప్రార్థనలో రోజూ చెప్పే మనం ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి. ఆష్విట్జ్‌లో సుమారు 11 లక్షల మందిని చంపారు, అందులో దాదాపు పది లక్షలు యూదులు. మొత్తం చనిపోయిన యూదులు 60 లక్షలు, వారిలో సుమారు 15 లక్షలు పిల్లలు. ఐరోపా యూదుల్లో ప్రతి ముగ్గురిలో ఇద్దరు. చనిపోయినవారిలో సగం మంది పోలండు యూదులు. వికలాంగులను, జిప్సీలని పిలిచే రోమా ప్రజలను కూడా లక్షల్లో చంపారని చెప్పకుండా పీరియడ్ ముగించకండి.

60 లక్షలంటే పిల్లలకు ఏమీ తోచదు. 2011 జనగణనలో హైదరాబాద్ నగర జనాభా సుమారు 68 లక్షలని ఒక్కసారి చెప్పండి. అక్కడితో ఆపి, మళ్లీ పీటర్ దగ్గరికి వెళ్లండి. చింతగింజలు పోసి లెక్కపెట్టించడం వంటివి వద్దు. అరగంటలో అది గింజల ఆట అవుతుంది.

ఫొటోలు: శవాల గుట్టలు, బక్కచిక్కిన దేహాలు చూపించకండి. వాటిలో చాలా వాటిని తీసింది నాజీలే. ఆ మనుషులు తమను అలా చూపించడానికి ఒప్పుకుని ఉండరు. పైగా ఒకసారి తెర మీద వేస్తే పిల్లలు ఫోనులో ఇంకా ఘోరమైనవి వెతుకుతారు. యుద్ధానికి ముందు తీసిన పెళ్లి ఫొటో, బడి ఫొటో చూపించండి. ఎవరైనా ఏడిస్తే ఓదార్చి నీళ్లు ఇచ్చి బయట కూర్చోబెట్టండి. ఎవరైనా నవ్వితే వెంటనే తిట్టకండి, ఈ వయసులో బిగుసుకుపోయినా నవ్వే వస్తుంది. క్లాసయ్యాక విడిగా మాట్లాడండి.

7. ఎదురునిలిచినవారు

ఇక్కడ ఎక్కువసేపు ఉంటే పాఠం వీరగాథ అయిపోతుంది, అసలే చెప్పకపోతే యూదులు తలవంచుకుని వెళ్లారన్న అపోహ మిగులుతుంది. మూడు ఉదాహరణలు చాలు. పోలండులోని వార్సాలో యూదులను బంధించిన పేటలో (ఘెట్టో) ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లమ్ బృందం రహస్యంగా డైరీలు, పోస్టర్లు, పిల్లల వ్యాసాలు సేకరించి రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పాతిపెట్టింది. 1946లో కొన్ని, 1950లో కొన్ని దొరికాయి. 1943 అక్టోబరులో డెన్మార్క్ ప్రజలు సుమారు 7,200 మంది యూదులను పడవల్లో స్వీడన్ దాటించారు. 1940లో లిథువేనియాలో జపాన్ దౌత్యాధికారి చియునె సుగిహర పైఅధికారుల మాట కాదని వేల వీసాలు చేతితో రాశాడు. తాడు దగ్గరికి వెళ్లి, అదే గుమాస్తా బల్ల, అదే కలం అని చూపించండి.

8. జాతి సంహారం అన్న మాట ఎక్కడిది

రఫాయెల్ లెమ్కిన్ పోలండు యూదు న్యాయవాది. తన కుటుంబంలో 49 మందిని పోగొట్టుకున్నాడు. 1944లో జెనోసైడ్ అన్న మాటను ఆయనే తయారుచేశాడు. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఒడంబడిక వచ్చింది. భారతదేశం 1959లో ఆమోదించింది. నిర్వచనంలో గుండెకాయ ఒకటే: ఒక జాతిని, తెగను, మత సమూహాన్ని పూర్తిగా గానీ పాక్షికంగా గానీ నాశనం చేయాలనే ఉద్దేశం.

రువాండాను పక్కన పెట్టి చూపించండి. 1994లో సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మంది, అత్యధికులు టుట్సీ తెగవారు. బెల్జియం పాలనలో వచ్చిన గుర్తింపు కార్డు మీద తెగ పేరు రాసి ఉండేది. రేడియో వాళ్లను బొద్దింకలు అనేది. పిల్లలు తాడు మీది 'జే' అక్షరాన్ని వాళ్లంతట వాళ్లే చూపిస్తారు.

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న వస్తుంది, రావాలి కూడా: "కారంచేడు కూడా జెనోసైడేనా?" 1985లో అక్కడ ఆరుగురు దళితులను, 1991లో చుండూరులో ఎనిమిది మందిని చంపారు. తప్పించుకోకండి. ఒడంబడిక నిర్వచనం చదివించి, వాళ్లనే తేల్చమనండి. పేరు వేరైతే నేరం చిన్నదని కాదని, ఇలాంటి వాటి కోసమే మనకు 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చిందని చెప్పండి. ఎవరి బాధ పెద్దదన్న పోటీ మొదలైతే వెంటనే ఆపండి.

9. ఇవాళ్టి యూదు ద్వేషం

ఇదంతా ఎక్కడో జరిగిందన్న ధీమా పోవాలంటే 2008 నవంబరు 26 చెప్పండి. ముంబయిలో తాజ్ హోటల్‌తో పాటు నారిమన్ హౌస్ అనే యూదు కేంద్రాన్ని వెతుక్కుని వెళ్లి మరీ రబ్బీ (యూదు మత గురువు) దంపతులతో సహా ఆరుగురిని చంపారు. వెంటనే రెండో ముక్క కూడా చెప్పండి: ఆ దాడి చేసినవారి శవాలను తమ శ్మశానంలో పూడ్చడానికి ముంబయి ముస్లిం పెద్దలు ఒప్పుకోలేదు. ఈ రెండో ముక్క మరిచిపోతే క్లాసులోని ముస్లిం పిల్లల వైపు తలలు తిరుగుతాయి, తాడు దగ్గర నేర్పినదంతా మీరే చెడగొట్టుకుంటారు.

గాజా ప్రశ్న తప్పక వస్తుంది. నా పద్ధతి ఇది. ఒక ప్రభుత్వం చేసిన పనిని విమర్శించడం ఎవరికైనా హక్కు, ఇజ్రాయెల్ ప్రభుత్వం అందుకు మినహాయింపు కాదు. చనిపోయిన పాలస్తీనా పిల్లల కోసం బాధపడడం యూదు ద్వేషం కాదు. 'యూదులంతా ఇంతే', 'హిట్లర్ చేసిందే సరి' అన్నది యూదు ద్వేషం. కొచ్చిలో 1568 నాటి ప్రార్థనా మందిరం ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను యూదులుగా చెప్పుకునే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వాళ్లను అడిగి ఎవరూ యుద్ధం చేయడం లేదు. అంతకంటే ముందుకు వెళ్లి తీర్పులు చెప్పకండి. అది వేరే పాఠం, వేరే పీరియడ్లు కావాలి.

పిల్లలు అడిగితే తడబడకుండా ఉండడానికి

"మన ఇంటి గుమ్మం మీద కూడా స్వస్తిక్ ఉంది కదా?" ఉంది, వేల ఏళ్లుగా ఉంది, సిగ్గుపడనక్కర లేదు. నాజీలు దాన్ని తమ పార్టీ గుర్తుగా లాక్కున్నారు. అందుకే ఐరోపాలో ఆ గుర్తు చూసి ఒక ముసలమ్మ ఎందుకు వణికిపోతుందో కూడా తెలిసి ఉండాలి. 'ఆర్య' అన్న మాటదీ అదే కథ.

"నేతాజీ హిట్లర్‌ను కలిశారు కదా?" కలిశారు, 1942 మేలో. బ్రిటిష్ వాళ్లను వెళ్లగొట్టడానికి సాయం కోసం. హిట్లర్‌కు మాత్రం భారతీయుల మీద గౌరవం లేదు, ఇండియా బ్రిటన్ చేతిలో ఉండడమే మేలని తన పుస్తకం 'మైన్ కాంఫ్'లోనే రాసుకున్నాడు. ఫుట్‌పాత్ దుకాణాల్లో ఆ పుస్తకం కొని విజయానికి మెట్లు వెతికే పెద్దవాళ్లకు కూడా ఈ సంగతి చెప్పవచ్చు.

"ప్రపంచానికి తెలియాలని కొందరు యూదులను వదిలేశానని హిట్లర్ అన్నాడట." ఫోన్లలో ఏళ్లుగా తిరుగుతున్న దొంగ మాట ఇది. మీరు కొట్టిపారేయకండి. ఎక్కడ అన్నాడు, ఏ తేదీన, ఎవరు విన్నారో ఇంటికి వెళ్లి కనుక్కు రమ్మనండి. ఉత్త చేతులతో వస్తారు. ఆ ఉత్త చేతులే ఆ రోజు పాఠం.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నిటికంటే పెద్దది, హిట్లర్ జీవిత చరిత్ర చెప్పడం. చిత్రకళలో సీటు రాలేదు, మీసం, ఉపన్యాసాలు, ఆత్మహత్య. పిల్లలకు సినిమాలా ఉంటుంది. పాఠం అయ్యాక వాళ్లకు గుర్తుండేది ఒక్క మనిషే, మిగతా గుమాస్తాలంతా నిర్దోషులై వెళ్లిపోతారు. రెండోది, అతన్ని పిచ్చివాడనడం. ఫలితం అదే. మూడోది మన అలవాటు: కఠినంగా ఉండే మాష్టారిని హిట్లర్ అని మురిపెంగా పిలుచుకోవడం. పిల్లలు మానాలంటే ముందు స్టాఫ్ రూములో మానాలి. నాలుగోది, "మీరైతే ఏం చేసేవారు?" అని అడగడం. ముప్పై మంది చేతులెత్తి కాపాడేవాళ్లమంటారు, ఒక్కటీ నమ్మదగిన జవాబు ఉండదు. "ఏ అట్ట దగ్గర ఆపి ఉండవచ్చు, ఎవరు?" అని అడగండి, అప్పుడు వాదించుకుంటారు.

పాఠం అందిందో లేదో చూసుకోవడం

వారం తరువాత అవే మూడు ప్రశ్నలతో మళ్లీ చిట్టీలు రాయించండి. కవరు విప్పి పాతవాటి పక్కన పెట్టుకోండి, మీరు ఒక్కరే. 'స్ట్రిక్టు', 'డబ్బున్నవాళ్లు' ఎన్ని తగ్గాయో లెక్కపెట్టండి. ఎవరో ఒకరు పీటర్ పేరు రాస్తే మూడో మెట్టు పనిచేసినట్టే.

యూనిట్ టెస్టులో తేదీలు అడగకండి. ఈ రెండు అడగండి: తాడు మీది ఏదైనా ఒక ఆదేశం అమలు కావడానికి అవసరమైన ముగ్గురు మామూలు మనుషులను రాయండి. హత్యాకాండకు, జాతి సంహారానికి తేడా రెండు వాక్యాల్లో రాయండి. మొదటిదానికి హిట్లర్, గోబెల్స్, హిమ్లర్ అని జవాబు వస్తే తప్పు పిల్లలది కాదు.

మార్కుల కంటే నమ్మదగిన గుర్తు ఇంకోటి ఉంది. విరామంలో ఎవరినైనా కొత్త పేరు పెట్టి ఏడిపిస్తున్నప్పుడు ఒకడైనా "రేయ్, ఆపరా" అంటున్నాడేమో వరండాలోంచి చూడండి. అనకపోయినా పాఠం పోయినట్టు కాదు, అంటే మాత్రం రాసిపెట్టుకోండి.

ఒక ఏడాది నా రెండో విడత చిట్టీల్లో సగం మళ్లీ 'స్ట్రిక్టు' అనే వచ్చాయి. తీరా చూస్తే ఆ ఏడు తొందరలో తాడు కట్టకుండా పట్టిక రాసి చదివించేశాను. పరీక్షలకు రెండు వారాల ముందు లెక్కల టీచరు దగ్గర ఒక పీరియడ్ అప్పు తీసుకుని, తాడు కట్టి ఐదో మెట్టు మళ్లీ చెప్పాను. ఆ అప్పు ఇంకా తీర్చలేదు.